విడాకుల తర్వాత వేసిన పిటిషన్‌లో నోటీసు పాత లాయరుకు ఇస్తే చెల్లుతుందా?

ప్రశ్న: 2021లో విజయవాడ ఫ్యామిలీ కోర్టులో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాము. బాబు నా దగ్గరే ఉంటాడు. వాడి పోషణకు ఆయన నెలకు 10,000 రూపాయలు ఇవ్వాలి. ఇప్పుడు బాబు ఆరో తరగతి, ఫీజులు పెరిగాయి. ఆ మొత్తాన్ని పెంచమని అదే కోర్టులో పిటిషన్ వేసి, కాపీని ఆయన పాత లాయరుకు పోస్టులో పంపితే, ‘నా వకాల్తా (ఆయన తరఫున వాదించే అధికారం) ముగిసింది’ అని రాసి కవరు తిప్పి పంపారు. నోటీసు అందినట్టేనా?

జవాబు: అందినట్టు కాదమ్మా. తిరిగొచ్చిన ఆ కవరును చూపి ఎక్స్‌పార్టీ ఉత్తర్వు (అవతలి పార్టీ హాజరు లేకుండానే ఇచ్చేది) కోరవద్దని గట్టిగా చెబుతున్నాను.

సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడవ ఆర్డరు (అందులో అధ్యాయం లాంటి భాగం) ఐదవ రూలు ప్రకారం, ఒక పార్టీ తరఫున వకాల్తా వేసిన న్యాయవాదికి కోర్టు కాగితం ఇచ్చినా, ఆయన ఆఫీసులో వదిలి వచ్చినా, కోర్టు వేరే విధంగా ఆదేశిస్తే తప్ప, పార్టీకి స్వయంగా ఇచ్చినట్టే లెక్క. అయితే అది వకాల్తా అమల్లో ఉన్నంతవరకే. నాలుగవ రూలు ప్రకారం, డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చాక కూడా రివ్యూ (అదే కోర్టు పునఃపరిశీలన), డిక్రీలోని రాత తప్పుల సవరణ, అప్పీలు, దాఖలు చేసిన కాగితాలను వెనక్కి తీసుకోవడం వంటివి ఆ కేసులో భాగంగానే ఉంటాయి. మనోవర్తి పెంపు, కస్టడీ మార్పు ఆ జాబితాలో లేవు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద డిక్రీ తర్వాత కూడా పిల్లల పోషణపై ఉత్తర్వులను కోర్టు మార్చగలదన్నది నిజమే. కానీ మారిన పరిస్థితులను చూపి మీరు వేసిన ఈ పిటిషన్‌కు మీ మాజీ భర్త కొత్తగా జవాబు చెప్పుకోవాలి కనుక, నోటీసు ఆయన చేతికే వెళ్లాలి. ఆ లాయరుగారిని తప్పుపట్టకండి. క్లయింటు మళ్లీ అప్పగించని కేసులో ఆయన కాగితం తీసుకోవడమే పొరపాటు అయ్యేది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నోటీసు సరిగా అందకుండా ఎక్స్‌పార్టీ ఉత్తర్వు వస్తే, తొమ్మిదవ ఆర్డరు 13వ రూలు కింద దాన్ని రద్దు చేయమని ఆయన అడగవచ్చు. దానికి ఉన్న 30 రోజుల గడువు కూడా, సమన్లు సరిగా అందనప్పుడు, ఆయనకు విషయం తెలిసిన రోజు నుంచే మొదలవుతుంది. బాబు ఫీజు కోసం మీరు ఏడాది తిరిగి తెచ్చుకున్న ఉత్తర్వు మళ్లీ మొదటికి వస్తుంది.

కాబట్టి వచ్చే వాయిదాలోగా ఆయన ప్రస్తుత ఇంటి చిరునామాతో, వీలైతే ఆఫీసు చిరునామాతో కూడా, మెమో (చిన్న రాతపూర్వక వినతి) వేసి బత్తా (నోటీసు పంపే ఖర్చు) కట్టండి. కోర్టు ద్వారా వెళ్లే నోటీసుతోపాటు స్పీడ్ పోస్టుకూ అనుమతి కోరండి. ఆయన ఇంట్లో లేకపోతే ఆయనతో కలిసి ఉంటున్న పెద్దవయసు కుటుంబ సభ్యులకు ఇవ్వవచ్చు. పనిమనిషి కుటుంబ సభ్యురాలు కాదని ఐదవ ఆర్డరు 15వ రూలు వివరణలోనే ఉంది. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ చేసిన సంతకానికీ అంతకన్నా విలువ ఉండదు. ఆయన తీసుకోనన్నారని పోస్టుమన్ కవరుపై రాస్తే మాత్రం నోటీసు అందినట్టు కోర్టు ప్రకటించవచ్చు. కావాలని తప్పించుకుంటున్నారని మీరు అఫిడవిట్‌తో కోర్టును ఒప్పించగలిగితే, ఇంటి తలుపుకు అంటించడానికో పత్రికా ప్రకటనకో 20వ రూలు కింద ఆదేశం తెచ్చుకోవచ్చు.

ఆయన కొత్త లాయరు వకాల్తా వేశాక పని తేలికవుతుంది. అప్పటి నుంచి మధ్యంతర దరఖాస్తుల (కేసు నడుస్తుండగా వేసేవి) కాపీలు ఆ లాయరుకే ఇవ్వండి, మీ కాపీ మీద తేదీతో సహా ‘ప్రతి అందినది’ అని రాయించి సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే వాదనకు దిగకుండా స్పీడ్ పోస్టులో పంపి, రసీదును మెమోతో కోర్టులో దాఖలు చేయండి. రేపు ఇదే వివాదం హైకోర్టుకు వెళితే, అక్కడి నోటీసును కింది కోర్టు లాయరుకు ఇచ్చి సరిపెట్టుకోవద్దు. క్లయింటు వకాల్తాలో స్పష్టంగా ఒప్పుకుని ఉంటే తప్ప, వేరే కోర్టు జారీ చేసిన నోటీసును ఆ లాయరుకు అందజేయడానికి మూడవ ఆర్డరు నాలుగవ రూలు అధికారం ఇవ్వదు.