డబుల్స్ ఉన్నాయి, ధర కట్టి ఇవ్వాలా?

ప్రశ్న: చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులు అమ్మ వాళ్లింట్లో ట్రంకు పెట్టె సర్దుతుంటే దొరికాయి. చాలావాటికి డబుల్స్ ఉన్నాయి, అంటే ఒకే కార్డు రెండో మూడో. వేరే ఊళ్లో ఇలాంటి కార్డులు సేకరించే ఒకాయన మార్చుకుందాం అంటున్నారు. ధర చూసుకుని ఇవ్వాలా? పోస్టులో పాడవకుండా లామినేషన్ చేయించి పంపనా? ఆరో తరగతి చదివే మా వాడు కూడా ఐపీఎల్ కార్డులు స్కూల్లో మార్చుకుంటున్నాడు. మోసపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు లామినేషన్ సంగతి. దయచేసి చేయించకండి. ఆ వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతుంది, ఇక ఊడదీయలేం. మూల నలిగిన కార్డునైనా, కార్డులు సేకరించే మేం సంతోషంగా తీసుకుంటాం కానీ లామినేట్ చేసినది తీసుకోం.

బిగ్ ఫన్ పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కార్డుల మీద రన్నులు, వికెట్లు ఉండేవి, గుర్తుందా? వాటిని కూడబెట్టి ఇస్తే బహుమతి. గబగబా పేజీలు వదిలితే ఆటగాడు కదిలే ఫ్లిప్ బుక్ కోసం మా వీధిలో పిల్లలంతా కార్డులు ఇచ్చేసేవాళ్లు. అందుకే మీ పెట్టెలో మిగిలినవి నాలాంటివాళ్లకి అంత అపురూపం. మీకు మూడోసారి వచ్చిన కార్డు కోసమే ఇంకెవరో ఏళ్ల తరబడి వెతుకుతూ ఉండొచ్చు.

ఇక ధర. 1952 నాటి టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డు, అమెరికా ఆటగాడు మికీ మాంటిల్‌ది, 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అలాంటి వార్త చదివినప్పుడల్లా మనవాళ్లు అటక మీద పెట్టెలు దించుతారు. అమెరికాలో కార్డు మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందా లేదా అన్నీ చూసి పదికి ఇన్నని మార్కులు వేసే సంస్థలున్నాయి, వేలం సంస్థలున్నాయి. మన బబుల్ గమ్ కార్డులకి అంత స్థిరపడిన బజారు లేదు. కాబట్టి ధర కట్టి తూచకండి. మీకు లేనిది ఆయన దగ్గరుందా, ఆయనకి లేనిది మీ దగ్గరుందా, అంతే చూడండి. ఒకటి ఎక్కువ వెళ్లినా బాధపడకండి. నా సెట్లు, అంటే ఒక వరసలోని కార్డులన్నీ, నిండింది ఎక్కువగా అలా ముందే చేయి చాచి ఇచ్చినవాళ్ల వల్లే. వాళ్లలో కొందరు ఇప్పుడు మా ఇంట్లో పెళ్లిళ్లకి వస్తారు.

అయితే కార్డు ఎలా ఉందో మాత్రం దాచకూడదు. ముందూ వెనకా ఫొటో తీయండి. కార్డుని కాస్త ఏటవాలుగా పట్టుకుని ఇంకో ఫొటో తీస్తే మడతలు కనిపిస్తాయి. మరక ఉంటే ఆయన అడగకముందే చెప్పండి. మొదటిసారి కాబట్టి కొన్నే మార్చుకోండి, ఇద్దరూ ఒకే రోజు స్పీడ్ పోస్ట్ చేయండి.

ప్యాకింగ్‌కి ఒక్కో కార్డుకి పల్చటి ప్లాస్టిక్ కవర్ వేయండి. రబ్బరు బ్యాండు వద్దు, అంచులు కోసుకుపోతాయి. కార్డుకి సెల్లో టేపు తగలనివ్వకండి. అన్నీ కలిపి రెండు అట్టముక్కల మధ్య పెట్టి, అట్టకే టేపు వేసి, జిప్ కవర్లో పెడితే వానాకాలమైనా భయం లేదు. మీది సముద్రం పక్క ఊరు, ఇంట్లో ఉంచుకునే వాటి దగ్గర తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పడేయండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ పేజీలున్న పాత ఆల్బమ్‌లు వాడొద్దు, కొన్నేళ్లకి బొమ్మ ఆ పేజీకే అంటుకుంటుంది.

మీ అబ్బాయి విషయంలో నేను మీలా భయపడను. మెరిసే కార్డు ఒకటిచ్చి మామూలువి నాలుగు తెచ్చుకుంటే మీకు నష్టంగా కనిపిస్తుంది, వాడికి ఆ నాలుగే కావాలేమో. వాణ్ని అడగండి. పెద్ద పిల్లలు బెదిరించి లాక్కుంటే మాత్రం అది మార్పిడి కాదు, టీచరుతో మాట్లాడండి. మా కాలనీ పిల్లలకి ఒక నియమం పెట్టాం: మర్నాడు సాయంత్రం దాకా ఎవరికి మనసు మారినా, కారణం అడగకుండా కార్డు వెనక్కి ఇచ్చేయాలి. వాడి స్నేహితులతో అది మాట్లాడి చూడమనండి.