కుప్ప వేయడానికి వెళ్తున్న మేనల్లుడికి

చిన్నా,

పక్కింటి బాబాయి పొలంలో వరి పనలు కట్టి కుప్ప వేయడానికి నువ్వు సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి వస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తుంటి ఆపరేషనయ్యాక ఆయన కర్ర లేకుండా అడుగు వేయలేకపోతున్నాడు, పిల్లలు దగ్గర లేరు, కూలీలు దొరకడం లేదు. ఇలాంటప్పుడు వెళ్ళాలని నీకు అనిపించినందుకు ఎంత సంతోషమేసిందో. ఫోన్ పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. రాత్రి నిద్ర లేదు. అందుకే ఈ ఉత్తరం.

కోత మిషను పెట్టిద్దామని మాత్రం అనకు. కోతకు ముందే చేలో మినుములు చల్లించాడు. మిషను దిగితే ఆ మొలకంతా చక్రాల కింద నలిగిపోతుంది. పనలు ఎక్కువ రోజులు పడి ఉన్నా కింద మొలక పాలిపోతుంది. కాబట్టి ఆరగానే కట్టలు కట్టి మోసెయ్యాలి. గింజ కొరికితే పటుక్కుమనాలి. పచ్చి కట్టలతో కుప్ప వేస్తే లోపల ఆవిరెక్కి గింజ రంగు మారుతుంది. కుప్ప మెరక మీద వెయ్యాలి, అడుగున ఎండుగడ్డి పరవాలి, కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి ఉండాలి. ఇవన్నీ బాబాయికి నాకంటే బాగా తెలుసు. డాక్టరు ఒప్పుకుంటే ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళి గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టు. ఎక్కడ వెయ్యాలో ఆయన్నే చెప్పనివ్వు. ఒకరి చేత చేయించుకోవడం ఆయనకు ప్రాణం మీదకు వచ్చినట్టుంటుంది.

ఇక అసలు సంగతి. మీ నాన్న కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి కదా. కొడవలితో తెగిందని నీకు చెప్పాడు. కాదురా. పెళ్ళికి ముందు ఒక డిసెంబరులో, రేడియోలో తుఫాను కబురు వినగానే, ఇదే పక్కింటివాళ్ళ పనలు తడిసిపోతాయని మసకచీకట్లో చేలోకి పరిగెత్తాడు. లాంతరు గట్టు మీదే ఉంది. పన కిందకు చెయ్యి పోనిచ్చి లేపబోయాడు. రక్తపింజర కాటేసింది. మీ తాతయ్య కంగారులో తువ్వాలు తీసి మణికట్టు పైన బిగించి కట్టేశారు, విషం పైకి ఎక్కకూడదని. సైకిలెక్కించి ఆసుపత్రికి కాకుండా పక్కూరి మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్ళారు. తెల్లార్లూ అక్కడే. పొద్దుటికి చెయ్యి నల్లబడి ఉబ్బిపోయింది, చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. అప్పుడు బందరు తీసుకెళ్తే ఇంజక్షన్లు చేసి ప్రాణం నిలబెట్టారు. ఆ రెండు వేళ్ళు మాత్రం ముడుచుకుపోయాయి. ఆ కట్టు వల్లే కండ ఎక్కువ పాడైందని డాక్టరు మీ తాతయ్య ముందే చెప్పాడు. మీ తాతయ్య ఆ తర్వాత ఆ తువ్వాలు భుజాన వేసుకోలేదు. తండ్రిని తప్పు పట్టినట్టవుతుందని మీ నాన్న ఈ రోజుకీ కొడవలి అనే చెబుతాడు. నేను చెప్పానని ఆయనతో అనకు.

అందుకని విను. మంచు విడిచి ఎండ వచ్చేదాకా పనల్లో చెయ్యి పెట్టొద్దు. ముందు కర్రతో తట్టి, కదిలించి, అప్పుడు లేపు. మోకాళ్ళ దాకా బూట్లు వేసుకో. పొద్దు వాలాక ఒక్క కట్ట మిగిలినా వదిలేసి వచ్చెయ్. కుప్ప దగ్గర కాపలా పడుకుంటే నేల మీద వద్దు, మంచం వేసుకుని దోమతెర కట్టుకో. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు.

ఎవరికైనా జరగరానిది జరిగితే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యి. పాముని వెతుకుతూ కూర్చోవద్దు. పాము విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే మందే. ఇది నీకు తెలిసే ఉంటుంది. అయినా ఇంకోసారి చదువు.

తుఫాను హెచ్చరిక వస్తే కుప్ప మీద బరకాలు కప్పి, తాళ్ళతో కట్టి ఇంటికి పో. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన చూసినదాన్ని, సముద్రం మీద గాలి పేరు వింటేనే నాకు కాళ్ళు ఆడవు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పనలు నీళ్ళలో తేలాయి, గింజ మొలకెత్తింది. అలా తడిస్తే లీటరు నీళ్ళకు 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద చల్లితే మొలక ఆగుతుంది. వడ్లు ఎండబెట్టుకోవచ్చు రా. నువ్వు మాత్రం గాలిలో చేలోకి దిగొద్దు.

పిన్ని భోజనం పెడితే వద్దనకు. ఆమె ఇవ్వగలిగింది అదొక్కటే.

బూట్లు, టార్చి బస్సు పార్సిల్లో వేశాను, అవనిగడ్డ బస్టాండులో తీసుకో. సైజు తొమ్మిదని మీ అమ్మ చెప్పింది, బిగుతుగా ఉంటే వెంటనే చెప్పు, మార్చి పంపిస్తాను. పొద్దున చేలోకి దిగేముందు, సాయంత్రం ఇంటికి చేరాక రెండుసార్లూ ఫోన్ చెయ్యి.

నీ మేనత్త