ఉక్కు ఫ్రేము, కదలని ఫోర్కు: మన నేలకు పాత ఎంటీబీలే సరి

ప్రశ్న: "ఇన్నేళ్లలో మీరు తొక్కిన మౌంటెన్ బైకుల్లో బాగా గుర్తుండిపోయింది ఏది? 1990ల నాటి పాత సైకిల్ ఒకటి తక్కువ ధరకు వస్తోంది, కొనమంటారా?"

కొనండి. ఫ్రేము అతుకుల దగ్గర చీలిక లేకపోతే, తుప్పు లోపలిదాకా తినేయకపోతే ఇంకేమీ ఆలోచించకుండా కొనండి. వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల తొక్కడానికైతే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు స్ప్రింగులు లేని పాత ఉక్కు ఎంటీబీని, అంటే మౌంటెన్ బైకును, మించినది ఇప్పటి దుకాణాల్లో నాకు కనిపించలేదు. ఊరికే అంటున్న మాట కాదిది. బడి రోజుల నుంచి ఇప్పటిదాకా సైకిల్ వదలని మనిషిగా అంటున్నాను.

మా ఇంట్లో మొదట ఉన్నది నాన్నగారి నల్ల అట్లాస్. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక ఇనుప క్యారియర్. ఆయన ఆజంజాహి మిల్లుకు షిఫ్టుకు వెళ్లేది దాని మీదే. సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేను తొక్కడం నేర్చుకున్నదీ దాని మీదే. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం మూతపడిందని పేపర్లో చదివినప్పుడు నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు.

తొంభైల మొదట్లో నాకు హీరో రేంజర్ కొనిచ్చారు. అప్పట్లో మా హైస్కూలు పిల్లల్లో రెండే వర్గాలు: రేంజర్ వాళ్లు, హెర్క్యులిస్ ఎంటీబీ వాళ్లు. వంపు లేని వెడల్పాటి హ్యాండిల్, బొడిపెలున్న లావు టైర్లు, 26 అంగుళాల చక్రాలు. అంతే. గేర్లు లేవు, స్ప్రింగులు లేవు. అయినా నల్ల సైకిల్ మీద దిగి నడిపించుకుపోవలసిన చోటల్లా రేంజర్ మీద కూర్చునే పోగలిగేవాడిని. వడ్డేపల్లి చెరువు కట్ట, పద్మాక్షి గుట్ట చుట్టూ రాళ్ల బాటలు, ఖిలా వరంగల్ మట్టికోట పక్కన ఎర్ర మొరం దారి, అన్నీ ఆ లావు టైర్ల పుణ్యమే. ఆదివారం పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం అన్నం వేళకు గానీ ఇంటికి చేరేవాళ్లం కాదు.

"అవి పేరుకే ఎంటీబీలు, అసలు మౌంటెన్ బైకులు కావు" అనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అసలు మౌంటెన్ బైకు ఎక్కడ పుట్టింది? కాలిఫోర్నియాలో, మరిన్ కౌంటీ కొండల్లో. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ లాంటి కుర్రాళ్లు 1930లు, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్లను పాత సామాన్ల నుంచి వెతికి తెచ్చి, వాటి మీద కొండ దిగేవారు. 1976లో మొదలైన ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు దిగువకు చేరేసరికి కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ చక్రం మధ్యనుండే హబ్బు విప్పి మళ్లీ గ్రీజు నింపవలసి వచ్చేది కాబట్టే ఆ పేరు. కొండల కోసమే కొలతలు వేసి జో బ్రీజ్ కొత్త ఫ్రేము తయారుచేసింది 1977లో. పెద్ద ఎత్తున తయారై దుకాణాల్లోకి వచ్చిన స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైకు 1981 నాటిది. ముందు ఫోర్కుకు స్ప్రింగులు మామూలయ్యింది 1990 దాటాకే. మరి ఉక్కు ఫ్రేము, కదలని ఫోర్కు, లావు టైర్లు ఉన్న మన రేంజర్ మౌంటెన్ బైకు కాకుండా ఎలా పోతుంది? మొదటివాళ్లు తొక్కిన సైకిళ్లకు ఇప్పటి కార్బన్ సైకిళ్ల కన్నా మనవే దగ్గరి చుట్టాలని నా గట్టి నమ్మకం.

రేంజర్‌కు నేను చేయించిన మార్పు ఒక్కటే. అప్పట్లో మన ఒంటి గేరు సైకిళ్లకు మామూలుగా ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక పళ్ల చక్రానికి, అంటే ఫ్రీవీల్‌కు, 18 పళ్లు ఉండేవి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 5 మీటర్లు పోతుంది. తారు రోడ్డు మీద అది హాయి, గుట్ట ఎక్కేటప్పుడు మోకాళ్లకు శిక్ష. హనుమకొండ చౌరస్తా దగ్గరి సందులో సైకిల్ టాక్సీ నడిపే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. గంటకింత అని సైకిళ్లు అద్దెకిస్తూ రిపేర్లు కూడా చేసేవాడు. ఆయనే 22 పళ్ల ఫ్రీవీల్ వేసి, చైనుకు నాలుగు లింకులు కలిపి ఇచ్చాడు. చుట్టుకు 4 మీటర్ల చిల్లర పోతుంది, ఎక్కుడు దాదాపు ఐదో వంతు తేలికవుతుంది. ఈ కిటుకు చాలామందికి తెలియదు. గేర్ల సైకిల్ కోసం వేలకు వేలు పోసేముందు ఇది చేయించి చూడమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

ఇక బాగా గుర్తుండిపోయిన సైకిల్ ఏదంటారా? చిత్రమేమిటంటే అది నాది కాదు, మా మేనబావది. స్టిక్కర్లన్నీ ఎప్పుడో ఊడిపోయి, ఏ కంపెనీదో కూడా తెలియని సెకండ్ హ్యాండ్ ఉక్కు ఎంటీబీ. మా ఇంటర్ రోజుల్లో, దసరా సెలవుల్లో, ఇద్దరం పాకాల చెరువుకు బయలుదేరాం. వరంగల్ నుంచి గిర్నిబావి మీదుగా నర్సంపేట, అక్కడి నుంచి అడవి దారి. కాకతీయుల నాటి ఆ చెరువు వానాకాలం చివర్లో నిండి ఉన్నప్పుడు చూడాలి. అవతలి ఒడ్డున గుట్టలు, ఇవతల కట్ట మీద చెట్ల నీడ, మధ్యలో కంటికి ఆనినంత మేర నీళ్లు.

కట్ట చూసుకుని తిరిగి వస్తూ పక్కనున్న బండ్ల బాట పట్టాం. వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలి ఉన్నాయి. బావ నా ముందు వేగంగా దిగుతున్నాడు. ఉన్నట్టుండి కట్టె విరిగినట్టు టక్కున చప్పుడైంది. వెనక చక్రం ఒక పక్కకు ఒరిగిపోయింది. దిగి చూస్తే పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రానికి పోయే గొట్టం సరిగ్గా అతుకు దగ్గర విడిపోయింది. వేలుగోరు దూరేంత సందు. చైను వదులై వేలాడుతోంది. ఆ రోజుల్లో ఫోన్లు లేవు. నర్సంపేట ఇంకా ఎంతో దూరం ఉంది, పొద్దు వాలుతోంది.

చెట్టు కొమ్మ ఒకటి విరిచి గొట్టానికి బద్దలా కట్టి, పాత ట్యూబు ముక్కతో బిగించి, నడిపించుకుంటూ బయలుదేరాం. కొంత దూరం పోయాక ఒక ఊరి మొదట్లో నాగళ్లు, ట్రాక్టరు ట్రాలీలు బాగుచేసే రేకుల షెడ్డు కనిపించింది. లోపల అరవై దాటిన ఒకాయన పని ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. సైకిల్ చూపించాం. విరిగిన చోట బొటనవేలు పెట్టి తడిమి, "ఉక్కే కదా బిడ్డా, ఏం భయం లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఇద్దరికీ పోయిన ప్రాణం లేచి వచ్చింది.

ఆయన పని చేసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ముందు విరిగిన చోట రంగంతా గరుకు కాగితంతో గీకేశాడు, లోపలి లోహం తెల్లగా మెరిసేదాకా. గోనెసంచి నీళ్లలో తడిపి సీటు గొట్టానికీ, పెడల్ ఇరుసుకూ చుట్టాడు, వేడి అటు పాకి గ్రీజు కరిగిపోకుండా. నన్ను ఫ్రేము ఒక వైపు పట్టుకోమని, బావను రెండో వైపు నొక్కి పట్టమని, సందు మూసుకునేదాకా సరిచేయించాడు. కార్బైడు డ్రమ్ములో నీళ్లు పోశాడు. వెల్లుల్లి లాంటి ఆ ఘాటు వాసన పీల్చినవాళ్లకు చెప్పనవసరం లేదు. మంట అంటించి, అది నీలంగా సూది మొనలా సన్నబడేదాకా తిప్పాడు. గొట్టం ఎర్రబడ్డాక ఇత్తడి పుల్లను తెల్లటి పొడిలో ముంచి ఆ చోట ఆనించాడు. ఇత్తడి ఒక్కసారిగా కరిగి, ఎవరో లోపలి నుంచి లాగినట్టు సందులోకి పాకిపోయింది. చుట్టూ తిప్పి, బంగారు రంగు ఉంగరంలా వచ్చేదాకా పోశాడు. నీళ్లు చల్లబోతే ఆపి, "దానంతట అదే చల్లారాలి, తొందరపడితే పెళుసవుతుంది" అని బీడీ ముట్టించాడు. మేం చల్లారేదాకా అక్కడే కూర్చున్నాం. ఆయన భార్య ఇద్దరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. డబ్బులు ఎంతంటే, పుల్ల ఖర్చు, కార్బైడు ఖర్చు మాత్రం తీసుకున్నాడు. మిగతాది ఎంత చెప్పినా పుచ్చుకోలేదు.

ఆ రాత్రి చీకట్లోనే వరంగల్ చేరాం. ఆ అతుకు మళ్లీ విడిపోలేదు. సైకిల్ చేతులు మారి మా చిన్నబ్బాయి దాకా వచ్చింది. ఇత్తడి ఉంగరం మీద రంగు కూడా వేయించలేదు, వేయనివ్వలేదు నేను.

ఇప్పుడు చెప్పండి, అల్యూమినియం ఫ్రేముతో ఆ రోజు ఇల్లు చేరేవాళ్లమా? దాన్ని అతకాలంటే వేరే రకం వెల్డింగు యంత్రం కావాలి, అతికాక మళ్లీ బలం రావడానికి కొలిమిలో పెట్టి వేడి చికిత్స చేయాలి. నర్సంపేటలోనే కాదు, హైదరాబాదులో కూడా సైకిల్ కోసం ఆ పని ఎవరూ పెట్టుకోరు. పారేసి కొత్తది కొనమంటారు. కొన్నేళ్ల క్రితం పిల్లవాడు ముచ్చటపడితే స్ప్రింగు ఫోర్కు, డిస్కు బ్రేకులు, 21 గేర్లున్న కొత్త సైకిల్ కొన్నాం. కంపెనీ పేరు చెప్పను. ఒకసారి పక్కకు పడితే వెనక గేరును పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క విరిగిపోయింది. అరచేతిలో పట్టేంత ముక్క. ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం కాబట్టి ఇంకొకదాని ముక్క దీనికి పట్టదు. దుకాణంవాళ్లు వస్తుంది, వస్తుంది అంటూ నెలలు గడిపారు. ఉక్కు ఫ్రేము అయితే ఆ భాగం వంగుతుంది, రెంచి పెట్టి వెనక్కి వంచుకుంటాం.

ఆ ధరలో వచ్చే స్ప్రింగు ఫోర్కుల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. బరువు పెంచుతాయి, రెండు వానాకాలాలకు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, ఎక్కుడులో మనం తొక్కే బలమంతా కిందికీ పైకీ ఊగడానికే ఖర్చవుతుంది. కుదుపు తగ్గాలంటే లావు టైరులో గాలి కాస్త తగ్గించి, సీటు మీద నుంచి లేచి తొక్కితే చాలు. సీటంటే గుర్తొచ్చింది. మన ఊళ్లో తొక్కేవాళ్లలో నూటికి తొంభైమంది సీటు బాగా కిందికి దించుకుని మోకాళ్లు పాడుచేసుకుంటున్నారు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు దాదాపు చాచుకోవాలి, మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. పిల్లలు పెరుగుతున్నకొద్దీ సీటు లేపాలని తల్లిదండ్రులకు ఎవరు చెబుతారో తెలియదు. ఇంకొకటి, కార్లకు స్కూటర్లకు విశాలంగా చోటు వదిలి, సైకిల్ తెస్తే గేటు దగ్గరే ఆపేసే దుకాణ సముదాయాలు. అక్కడ నేను సరుకులు కొనడం మానేశాను.

నా దగ్గర ఇప్పుడున్నది ట్రెక్ 820, కదలని ఫోర్కు ఉన్న పాత మోడల్. అమెరికాలో చదువుకుని తిరిగొచ్చిన అదే మేనబావ పెట్టెలో విప్పి తెచ్చాడు. పళ్ల చక్రాలు ముందు మూడు, వెనక ఏడు. క్రోమోలి అనే మిశ్రమ ఉక్కు గొట్టాలు. రేంజర్ కన్నా చాలా తేలిక. ఇద్దరం ఇప్పటికీ ధర్మసాగర్ వైపు, మడికొండ మెట్టుగుట్ట వైపు వెళ్తుంటాం. పల్లేరు కాయలు మాత్రం ఏ కంపెనీ టైరునూ వదలవు, పంచర్ సామాను జేబులో ఉండాల్సిందే.

మీరు చూస్తున్న సైకిల్ విషయానికొస్తే, ఫ్రేము తరువాత చూడవలసింది టైరు కొలత. పాత సైకిళ్లలో 26 అంగుళాలని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. 26 x 1.95 అని దశాంశంలో ఉంటే రిమ్ము 559 మిల్లీమీటర్లది, అది అసలైన ఎంటీబీ కొలత, టైర్లు ఇప్పటికీ దొరుకుతాయి. 26 x 1⅜ అని భిన్నంలో ఉంటే 590 మిల్లీమీటర్లది, దానికి లావు టైరు ఎక్కదు. తరువాత చక్రం గాలిలో తిప్పి బెండు చూడండి, ఇరుసు పట్టుకుని అటూఇటూ ఊపండి. ఆడితే గోళీలు, అవి ఆనే కోన్లు మార్పిస్తే సరిపోతుంది, పెద్ద ఖర్చు కాదు. పెడల్ కడ్డీలు వదులుగా ఉంటే, వాటిని ఇరుసుకు బిగించి ఉంచే కాటర్ పిన్నులు కొత్తవి వేయించండి. క్రోమ్ పూత ఉన్న ఇనుప రిమ్ములైతే వానలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ముందునుంచే నొక్కుతూ రావాలి. ఇవన్నీ చూసుకున్నాక బేరం ఎక్కువ లాగకండి. ఇలాంటివి ఈ మధ్య హైదరాబాదు నుంచి వచ్చి మరీ ఎత్తుకుపోతున్నారు.