ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో ఎజైల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ప్రభుత్వ శాఖలు సాఫ్ట్‌వేర్ తయారు చేయించుకునే తీరు గురించి రాసినప్పటి నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఎజైల్ పద్ధతి (సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారు చేసి, ప్రతి విడతనూ వాడేవాళ్లకు చూపించి సరిదిద్దుకుంటూ వెళ్లే తీరు) చుట్టూనే తిరిగాయి కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తం ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా శాఖలో కొత్త పోర్టల్‌ను ఎజైల్ పద్ధతిలోనే చేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. రోజూ ఉదయం పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకునే సమావేశం, రెండు వారాలకొక స్ప్రింట్ (ఒక విడత పని), గోడమీద రంగు చీటీలు, అన్నీ మొదలయ్యాయి. ఆరు నెలలు గడిచాయి గాని క్షేత్రస్థాయిలో ఎవరి చేతికీ ఏమీ అందలేదు. లోపం ఎక్కడుంది?
– ఒక ఉద్యోగి, విజయవాడ

జవాబు: 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు కూర్చుని రాసుకున్న ఎజైల్ ప్రకటనలో స్ప్రింట్ల మాట గాని చీటీల మాట గాని ఎక్కడా లేదు. పని ఎంతవరకు వచ్చిందో చెప్పే ప్రధానమైన కొలత పనిచేసే సాఫ్ట్‌వేరే అని మాత్రం అందులో స్పష్టంగా ఉంది. ఆ కొలతతో చూస్తే మీ ఆరు నెలల్లో జరిగిన పని సున్నా. ఇది కటువుగా వినిపించవచ్చు గాని, ఆరో నెలలోనే తెలిసినందుకు సంతోషించండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివినా ఒక సంగతి నాకు కనిపించలేదు. వచ్చే రెండు వారాల్లో ఏ పని ముందు, ఏ పని తర్వాత అని తేల్చి చెప్పే అధికారం మీ శాఖ తరఫున ఎవరికి ఉంది? ఎజైల్‌లో ఆ మనిషిని ప్రాడక్ట్ ఓనర్ అంటారు. మన కార్యాలయాల్లో ఈ బాధ్యతను కంపెనీ తరఫు బిజినెస్ అనలిస్టుకు వదిలేయడమో, అప్పటికే నాలుగు అదనపు బాధ్యతలు మోస్తున్న అధికారి పేరు కాగితంమీద రాయడమో జరుగుతూ ఉంటుంది. స్ప్రింట్ రెండు వారాలు, చిన్న సందేహానికి ఫైలు పైకి వెళ్లి రావడానికి మూడు వారాలు అయినప్పుడు, కోడ్ రాసేవాళ్లు ఊహించుకుని రాస్తారు, లేదా ఎవరినీ అడగనవసరం లేని పనులు ముందేసుకుంటారు. అందుకే ముందుగా లాగిన్ పేజీలు, డాష్‌బోర్డులు అందంగా తయారవుతాయి, అసలు సేవ మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఈ సంగతి అర్థం కావడానికి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అనుభవం కొంచెం వివరంగా చెప్పాలి. కేసు ఫైళ్లను కాగితం నుంచి కంప్యూటర్‌కు మార్చాలని ఆ సంస్థ మొదలుపెట్టిన వర్చువల్ కేస్ ఫైల్ అనే పథకాన్ని, సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో పక్కన పెట్టేశారు. 2006లో సెంటినెల్ పేరుతో మళ్లీ మొదలుపెట్టి, నాలుగు దశల్లో 2009 చివరికల్లా పూర్తి చేయాలని ఒక పెద్ద కంపెనీకి అప్పగించారు. 2010 ఆగస్టు నాటికి 45.1 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో 40.5 కోట్లు ఖర్చయ్యాయి గాని అందింది రెండు దశలే. అదే దారిలో వెళ్తే ఇంకో ఆరేళ్లు, ఇంకో 35.1 కోట్ల డాలర్లు తప్పవని ఒక స్వతంత్ర సంస్థ అంచనా వేసింది.

అప్పుడు ఎఫ్‌బీఐ పనిని తన చేతుల్లోకి తీసుకుని, జట్టును బాగా చిన్నది చేసి, రెండు వారాల స్ప్రింట్లలో పని మొదలుపెట్టింది. మిగిలిన అవసరాలన్నింటినీ చిన్న చిన్న యూజర్ స్టోరీలుగా, అంటే వాడేవాళ్లకు కావలసిన ఒక్కో పనిగా విడదీసి, ప్రతి స్ప్రింట్ చివర పూర్తయిన వాటిని నడిపించి చూపించేవారు. ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. వాళ్లు కూడా 2011 సెప్టెంబరు గడువును అందుకోలేకపోయారు. ఆ ఏడాది నవంబరులో 700 మందికి పైగా ఉద్యోగులతో ఒకేసారి వాడించి చూస్తే వ్యవస్థ రెండుసార్లు ఆగిపోయింది, పాత సర్వర్ల సామర్థ్యం చాలదని అప్పుడు తేలింది. కొత్తవి కొని, సరిచేసి, 2012 జులైలో సంస్థ అంతటా అమల్లోకి తెచ్చారు. ఎజైల్ వల్ల వాళ్లకు ఆలస్యం తప్పలేదు. కానీ ఆ ఆలస్యం ఎంతో, దేనివల్లో ఎప్పటికప్పుడు అందరికీ కనిపించింది, దేశమంతా వాడకముందే లోపం బయటపడింది. ముందటి నాలుగేళ్లలో లేనిది అదే.

సంస్థే పనిని తన చేతుల్లోకి తీసుకున్నాకే అది జరిగింది, కాబట్టి మీరూ మీ శాఖాధిపతిని ఒకే ఒక్కటి అడగండి: మీ పనిలో ఆరితేరిన ఒక అధికారిని మిగతా బాధ్యతలన్నింటి నుంచి తప్పించి, ఫలానా హద్దుల్లో ఆయన నిర్ణయమే తుది నిర్ణయమని లిఖితపూర్వకంగా ఇప్పించమని.

ప్రశ్న: నేను మండల స్థాయిలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చే ముందు మమ్మల్ని జిల్లా కేంద్రానికి పిలిచి ఒక్క రోజు యూఏటీ (వాడేవాళ్లతో చేయించే చివరి పరీక్ష) అని చూపించి సంతకాలు తీసుకుంటారు. మేము చెప్పినవి రాసుకుంటారు గాని మారవు. ఎజైల్ వస్తే మా మాటకు విలువ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ మాటకు విలువ లేకపోతే దాన్ని ఎజైల్ అని పిలవడమే తప్పు.

కొన్నేళ్ల కిందట ఒక మండల కార్యాలయంలో నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి వారం రోజులైంది. ఆపరేటర్ ముందు ఒక రైతు పాసుపుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. సర్వే నంబరు 112/అ/1. ఆమె 112 కొట్టగానే తెరమీద నంబరు నింపే పెట్టె ఒప్పుకుంది, గీత కొట్టగానే ఎర్రబడింది, ‘అ’ అక్షరం అసలు పడలేదు. మూడుసార్లు ప్రయత్నించి, చివరికి 112 అని మాత్రమే నింపి, మిగతాది కింద రిమార్కుల గడిలో ఇంగ్లిషులో రాసింది. పక్కనున్న నోటుపుస్తకంలో అలా నింపిన దరఖాస్తుల పట్టిక అప్పటికే రెండు పేజీలు ఉంది, ఎప్పటికైనా సరిచేయాల్సి వస్తుందని ఆమె సొంతంగా రాసి పెట్టుకుంది. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, అవసరాల పత్రంలో సర్వే నంబరు ఎదురుగా ‘సంఖ్య’ అని రాసి ఉంది, పరీక్షకు వాడిన నమూనాల్లో అన్నీ 101, 102 లాంటివే ఉన్నాయి. యూఏటీలో అందరూ సంతకాలు చేశారు. పొలాలు పంచుకున్నకొద్దీ సర్వే నంబరుకు బై నంబర్లు, అక్షరాలు చేరతాయన్న సంగతి ఆ ఆపరేటర్‌కు నిద్రలో లేపి అడిగినా తెలుసు. కోడ్ రాసిన కుర్రాడికి తెలియకపోవడం అతని తప్పు కాదు, వాళ్లిద్దరినీ ఒక చోట కూర్చోబెట్టకపోవడమే తప్పు. ఆ ఒక్క పెట్టె మార్పు చేంజ్ రిక్వెస్ట్‌గా, అంటే ఒప్పందానికి అదనపు పనిగా మారి, ధర మీద బేరమాడుకుని అమలయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది.

ఎజైల్‌లో మీలాంటివాళ్ల పాత్ర చివరి రోజు సంతకం కాదు. ప్రతి రెండు వారాలకూ పూర్తయిన ముక్కను మీరే, మీ కార్యాలయంలోనే, మీ నెట్ వేగంతో, నిజమైన దరఖాస్తులతో నడిపి చూడాలి. కంపెనీ మనిషి మౌస్ పట్టుకోకుండా మీ వెనక కూర్చుని చూడాలి. మీరు ఎక్కడ తడబడ్డారో అదే వచ్చే స్ప్రింట్‌కు పని కావాలి. ఇందుకు మీకు డ్యూటీగా సమయం ఇవ్వాలి, కౌంటర్ దగ్గర బదులు మనిషిని పెట్టాలి. సిబ్బందిని ఇలా కేటాయించడం శాఖలకు కష్టంగా ఉందని 2012లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఇచ్చిన నివేదికలోనూ ఉంది, కాబట్టి ఇది మన ఒక్కరి బాధ కాదు. కానీ ఆ కష్టం పడకుండా వచ్చే ఫలితం ఏమిటో ఆ నోటుపుస్తకంలో చూశాను.

ప్రశ్న: టెండరులో పని పరిధి మొత్తం ముందే రాయకపోతే ఆడిట్ అభ్యంతరాలు వస్తాయి. పరిధి ముందే బిగిస్తే ఎజైల్ కుదరదు. ఈ చిక్కు ఎలా విప్పాలి?
– కొనుగోళ్ల విభాగం అధికారి, హైదరాబాద్

జవాబు: అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. పరిధిని వదిలేయమని ఎవరూ అనరు. తెరల జాబితాకు బదులు ఫలితాన్ని పరిధిగా రాయమంటారు. ‘120 స్క్రీన్లు, 45 నివేదికలు’ అని రాస్తే మీకు 120 స్క్రీన్లు వస్తాయి. ‘దరఖాస్తుదారు కార్యాలయానికి రాకుండా ఫలానా ధ్రువపత్రం పొందగలగాలి, తిరస్కరిస్తే కారణం తెలుగులో తెలియాలి’ అని రాస్తే కొలవడానికి వీలైన లక్ష్యం వస్తుంది. అమెరికాలో 1996 నాటి క్లింగర్-కోహెన్ చట్టం నుంచే విడతలవారీ కొనుగోలుకు ఆధారం ఉంది, ఉన్న నిబంధనల్లోనే ఎజైల్ పనిని కొనవచ్చని 2014లో అక్కడి ప్రభుత్వం టెక్‌ఫార్ పేరుతో మార్గదర్శకాలే ఇచ్చింది. 2014 నుంచి 2025 మార్చి వరకు పనిచేసిన 18ఎఫ్ అనే ప్రభుత్వ బృందం శాఖలకు ఇచ్చిన సలహా ఏమిటంటే, ఒక జట్టు సమయాన్ని గరిష్ఠ పరిమితితో కొనండి, మొదటి ఒప్పందాన్ని చిన్నదిగా ఉంచి పని నచ్చితే పొడిగించుకునే హక్కు పెట్టుకోండి అని.

మన దగ్గర దీన్ని మ్యాన్-మంత్ రేటు (ఒక మనిషి ఒక నెల పనికి ఇంత అని కట్టే ధర) అంటారు, దానిమీద ఉన్న అనుమానం కూడా న్యాయమైనదే. హాజరు పట్టీ చూసి బిల్లు కట్టడం మొదలైతే డబ్బు పోతుంది, పని రాదు. అందుకే పని పూర్తయిందని ఎప్పుడు ఒప్పుకుంటామో ఒప్పందంలోనే రాయాలి: పరీక్షలు దాటాలి, తెలుగులో పనిచేయాలి, మామూలు ఫోన్‌లో తెరుచుకోవాలి, కోడ్ శాఖ ఖాతాలో చేరాలి. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. కోడ్, సర్వర్ ఖాతాలు శాఖ పేరున లేకపోతే కంపెనీని మార్చుకునే హక్కు కాగితం మీదే ఉంటుంది. స్టోరీ పాయింట్లకు ఇంత అని ధర కట్టే పొరపాటు మాత్రం చేయకండి. అవి ఏ పని ఎంత పెద్దదో జట్టు తనకోసం వేసుకునే అంచనాలు, వాటికి డబ్బు కడితే రెండు పాయింట్ల పని మరునాటికి ఐదు అవుతుంది.

ఎల్1కే, అంటే అతి తక్కువ ధర చెప్పిన కంపెనీకే ఇవ్వాలన్న పద్ధతిలో ఇది నెగ్గదు. నాణ్యతకూ మార్కులిచ్చే క్యూసీబీఎస్ పద్ధతిలో పిలిచి, ప్రెజెంటేషన్లకు బదులు ఒక చిన్న సమస్య ఇచ్చి అక్కడే చేయించి చూడమని నా సలహా.

ప్రశ్న: ఎజైల్‌లో పత్రాలు ఉండవంటారు. మరి సెక్యూరిటీ, ఆడిట్?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఉండవనడం అపోహ. భద్రతకు, పర్యవేక్షణకు సంబంధించిన పనులను కూడా మిగతా పనులతోపాటు అదే జాబితాలో చేర్చాలని 2012 నాటి ఆ నివేదికే చెబుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన సంస్థతో చివర్లో ఒక్కసారి ఆడిట్ చేయిస్తే, అప్పుడు దొరికే లోపాలు సరిచేయడానికే నెలలు పడతాయి. ఆ సంస్థను మొదటి విడత నుంచే రప్పించండి. ఏ నిర్ణయం ఎవరు ఎందుకు తీసుకున్నారో తేదీతో ఉన్న రికార్డు, ఎవరూ తెరవని నాలుగు వందల పేజీల పత్రం కన్నా ఆడిటర్‌కు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఆరోగ్య బీమా నమోదు వెబ్‌సైట్ హెల్త్‌కేర్.గవ్ కూడా విడతలవారీ పద్ధతిలోనే చేశారని విన్నాను, అయినా కుప్పకూలింది. మరి ఏ ధైర్యంతో మొదలుపెట్టాలి? చిన్న శాఖ దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు విన్నది నిజమే. దాన్ని చేయించిన సంస్థకు ఆ పద్ధతి అంతకుముందు అలవాటు లేదు, ప్రణాళిక, పర్యవేక్షణ సరిగా లేవని 2014లో జవాబుదారీ కార్యాలయం తేల్చింది. ఎన్నో కంపెనీలు ముక్కలు ముక్కలుగా చేశాయి గాని, ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా నమోదు కాగలడా అన్నది ముందుగా తగినంత పరీక్షించలేదు. 2013 అక్టోబరు 1న, మొదటి రోజున నమోదు కాగలిగింది ఆరుగురేనని తర్వాత బయటికొచ్చిన పత్రాలు చెప్పాయి. ముక్క అంటే వ్యవస్థను అడ్డంగా కోసినది కాదు, పౌరుడికి ఒక పని పూర్తి చేసి పెట్టే నిలువు ముక్క.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర 161 సేవలతో మొదలై తర్వాత సేవలు పెంచుకుంటూ పోయింది. అన్నీ సిద్ధమయ్యే దాకా ఆగకపోవడం మంచి అడుగు. అయితే సేవల సంఖ్య పెరగడం ఒకటి, వాడినవాళ్ల మాట విని ఉన్న సేవ మెరుగుపడటం ఇంకొకటి. రెండోది లెక్కలోకి తీసుకోవాలని నా కోరిక.

మీ చిన్న శాఖకైతే, నెలకు కొన్ని వందల దరఖాస్తులు మాత్రమే వచ్చే, ఇతర శాఖల డేటా అవసరం లేని ఒక సేవను ఎంచుకోండి. ఒకే మండలంలో, ఇష్టపడి ముందుకు వచ్చిన సిబ్బందితో, పాత రిజిస్టరును పక్కనే ఉంచి మూడు నెలలు నడపండి. రిజిస్టరులో ఉన్నదీ తెరమీద ఉన్నదీ ప్రతి శుక్రవారం పోల్చి చూసి, తేడా వచ్చిన ప్రతి దరఖాస్తునూ సోమవారం ఉదయం జట్టు ముందు పెట్టండి. వరుసగా నాలుగు వారాలు తేడా రాకపోతే రెండో మండలానికి వెళ్లండి.