కాలనీ ఇల్లు అద్దెకు తీసుకునే ముందు

ప్రశ్న: బదిలీ కారణంగా భీమవరం శివారులోని ఒక గేటెడ్ కాలనీలో అద్దెకు దిగాలనుకుంటున్నాము. యజమాని వేరే ఊళ్లో ఉంటారు. 11 నెలల ఒప్పందమే రాస్తామని, కాలనీ సంఘానికి మెయింటెనెన్సు మేమే కట్టుకోవాలని అంటున్నారు. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: 11 నెలల గడువులో మోసమేమీ లేదండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలరూపంలో ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్నే తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి కనుక, ఆ ఖర్చు లేకుండా చాలామంది ఈ గడువే పెట్టుకుంటారు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి సవరణ తర్వాత గడువు ఎంతైనా అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాల్సిందే. అయితే ఖాళీ చేయడానికి ఎన్నాళ్ల ముందు చెప్పాలో స్పష్టంగా రాయించండి. ఏమీ రాసుకోకపోతే, నెలవారీ అద్దె ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద 15 రోజుల నోటీసు సరిపోతుంది. బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబానికి అది ఏ మూలకూ చాలదు. అడ్వాన్సు తిరిగిచ్చే గడువూ రాయించండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నీరని నా అభిప్రాయం. డెల్టాలో ఎన్నో కాలనీలు వరిచేలను మెరక చేసి వేసినవే. భీమవరం చుట్టూ రొయ్యల, చేపల చెరువులున్నాయి. చాలాచోట్ల బోరు నీరు ఉప్పన. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలతో నిండే మంచినీటి చెరువులే పెద్ద ఆధారం కాబట్టి, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కాలనీకి నీరెలా వస్తుందో, పెద్ద వానకు వీధిలో నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో, ఇప్పటికే అక్కడ కాపురముంటున్న ఆడవాళ్లను అడగండి. బ్రోకరు మాట దీనికి చాలదు.

సంఘానికి యజమాని పాత బాకీ లేదన్న రసీదు చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.