పేగుల సంగతి పది రోజుల్లో తేలేది కాదు

చిరంజీవి కిరణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

పది రోజులు జ్యూసులూ క్యాప్సూళ్లూ తీసుకుంటే పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరుగుతుందట, ఆ ప్యాకేజీ కొననా అని అడిగావు. వద్దు నాన్నా. డైటీషియన్‌గా ఉన్నన్నాళ్లూ అందరికీ చెప్పిందే నీకూ చెబుతున్నాను. ఏళ్ల తరబడి ఏం తింటున్నావన్నదే ముఖ్యం.

2011లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 98 మంది తిండి అలవాట్లనూ వాళ్ల మలంలోని బ్యాక్టీరియానూ పోల్చి చూశారు. చాలాకాలంగా మాంసకృత్తులు, జంతువుల కొవ్వు ఎక్కువగా తినేవాళ్లలో బాక్టీరాయిడిస్ అనే వర్గం బ్యాక్టీరియా, పిండిపదార్థాలు ఎక్కువగా తినేవాళ్లలో ప్రెవోటెల్లా అనే వర్గం హెచ్చుగా కనిపించాయి. తర్వాత 10 మందికి 10 రోజులు తామే భోజనం పెట్టారు. కొందరికి కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ. మిగతావాళ్లకు అందుకు సరిగ్గా వ్యతిరేకం. 24 గంటల్లోనే బ్యాక్టీరియాలో తేడా వచ్చింది. కానీ పది రోజులైనా ఎవరి పేగుల్లో ఏ వర్గానిది పైచేయో అది మాత్రం మారలేదు. నువ్వు కొనబోయేదీ పది రోజుల ప్యాకేజీయే కదా!

పీచును మనం అరిగించుకోలేం. అది పెద్దపేగు దాకా వెళ్లి బ్యాక్టీరియాకు తిండి అవుతుంది. అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి కణాలకు బ్యుటిరేటే ప్రధానమైన ఇంధనం. మధ్యాహ్నం బిర్యానీ, రాత్రి నూడుల్స్ తింటే ఆ బ్యాక్టీరియాకు మిగిలేది చాలా తక్కువ.

హాస్టల్లో వంట కుదరదని తెలుసు. కర్రీ పాయింట్‌లో రోజూ పప్పో ఆకుకూరో ఒకటి తెచ్చుకో. సాయంత్రం సమోసా బదులు ఉడికించిన శనగలు తిను, మరోరోజు పెసలు, అలసందలు. వారంలో కొన్నిసార్లు జొన్నరొట్టె తిను. జామకాయ బుట్టలో పెట్టుకుని అమ్మేవాళ్లు మీ ఆఫీసు బయట ఉంటారుగా. అన్నీ ఒక్కరోజే మొదలెట్టకు, కడుపుబ్బరం వచ్చి మానేస్తావు. వారానికి ఒకటి చొప్పున కలుపుకుంటూ వెళ్లు, నీళ్లు బాగా తాగు.

పెరుగు మానకు. ఇడ్లీ పిండి పులిసినా ఆవిరికి అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పెరుగులో బతికే ఉంటుంది. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్లు కొందరు వయోజనులకు 10 వారాలు పెరుగు, కిమ్చీ (కొరియావాళ్ల పులిసిన క్యాబేజీ పచ్చడి) లాంటి పులిసిన పదార్థాలు ఎక్కువగా తినిపిస్తే, పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి.

జలుబు చేసిందని మెడికల్ షాపులో సొంతంగా యాంటీబయాటిక్ కొనకు. చాలా జలుబులు వైరస్ వల్ల వచ్చేవే. ఆ మందు వాటినేమీ చేయదు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను మాత్రం చంపేస్తుంది.

మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఈ చిట్కాలు పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌కు చూపించుకో. ముందు పప్పుతో మొదలుపెట్టి, వచ్చే ఆదివారం ఫోన్ చేసి ఎలా ఉందో చెప్పు.

పెద్దమ్మ