బొమ్మల్లేని గుహలో చూసేదేముంది?

ప్రశ్న: చలికాలంలో సోమనాథ్, ద్వారక వెళ్తున్నాం. మధ్యలో జునాగఢ్‌లో ఒక పూట ఆగుతాం. అక్కడి ఉపర్‌కోట్ కోటలో నేల కింద తొలిచిన బౌద్ధ గుహలున్నాయట. చూడాలని ఉంది కానీ ఇరుకు చోట్లంటే నాకు టెన్షన్, లిఫ్ట్ కూడా ఎక్కను. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మావారేమో "బొమ్మల్లేని గుహలో చూసేదేముంది, రోప్‌వేలో గిర్నార్ కొండ ఎక్కుదాం" అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: నేల కింద అనగానే సొరంగం ఊహించుకుని ఉంటారు. ఇది అలా ఉండదు. మీ దగ్గరి గుంటుపల్లిలో కొండ పక్క నుంచి లోపలికి తొలిచారు కదా. ఉపర్‌కోట్‌లో రాతినేల మీద నిలబడి కిందికి తొలుచుకుంటూ పోయారు. స్తంభం కావలసిన చోట రాయిని వదిలేసి, మిగతాదంతా తవ్వి తీసేశారు. పై నుంచి తవ్వారు కాబట్టి వెలుతురూ పై నుంచే వస్తుంది. పై అంతస్తులో చిన్న చదరపు కొలను, దానికి మూడు వైపులా వసారా ఉన్నాయి. అక్కడ మీకు ఊపిరాడని ఇబ్బందేమీ ఉండదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం కాస్త ఇరుకనిపిస్తుంది. ముందున్న వాళ్లను పూర్తిగా దిగనిచ్చి, ఆ తర్వాత మీరు అడుగు వేయండి. అయినా గుండె దడదడలాడితే వెనక్కి వచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మీవారి ప్రశ్నకు వస్తాను, నిజానికి నాకు నచ్చిన ప్రశ్న అదే. అజంతాను మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశే. రంగుల చిత్రాలు లేవు, పెద్ద బుద్ధ విగ్రహమూ లేదు. నేను వెళ్లిన రోజు ఒక బడిపిల్లల గుంపు దిగింది, ఫొటోలు తీసుకుంది, అరుచుకుంటూ పైకెళ్లిపోయింది. నేను కింది హాల్లో స్తంభాల దగ్గరే ఆగిపోయాను. పీఠం నుంచి పైదాకా చెక్కడమే. పైభాగాల్లో మనుషుల బొమ్మలు అరిగిపోయి ఆకారాలుగా మిగిలాయి, గోడ మీద చైత్య గవాక్షాల (గుర్రపు నాడా ఆకారపు కిటికీల) వరుస కనిపిస్తుంది. క్రీస్తుశకం 2, 3 శతాబ్దాల నాటి పని అంటారు. శాతవాహనుల శైలితో పాటు గ్రీకు, శక ప్రభావం కూడా ఉందని పండితుల మాట. శాతవాహనుల పేరు వినగానే మనవాళ్లకు కాస్త గర్వం వస్తుందనుకోండి, అది వేరే సంగతి. మీవారిని ఆ కొలను దగ్గర నిలబెట్టి, నేల లోపల ఇన్ని గదులకు నీళ్లూ గాలీ వెలుతురూ ఎలా అందేవో చూసి చెప్పమనండి. విగ్రహాల మాట మరిచిపోతారు.

అత్తగారిని కింది అంతస్తులకు దింపకండి. ఆదీ కడీ వావ్ అనే మెట్లబావి పక్కనే ఉంది, ఆ మెట్లు ఆమెకు అసలే వద్దు. ఆమెకు అశోకుడి శిలాశాసనం చూపించండి. గిర్నార్ వెళ్లే దారిలోనే, ఒక కట్టడం లోపల ఉంది. ఒకే బండమీద అశోకుడి 14 శాసనాలు, క్రీ.శ. 150 ప్రాంతంలో శక రాజు రుద్రదాముడు ఇక్కడి సుదర్శన తటాకం అనే చెరువు గట్టు బాగుచేయించిన సంగతి, ఆ తర్వాత గుప్త రాజు స్కందగుప్తుడి శాసనం ఉన్నాయి.

ఊళ్లో ఖాప్రా కోడియా, బావా ప్యారా గుహలు కూడా ఉన్నాయి. బావా ప్యారాలో జైన పదమున్న శాసనం దొరికింది కాబట్టి అవి బౌద్ధులవా, జైనులవా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఒక పూటలో వాటి జోలికి వెళ్లకండి.

పొద్దున్నే కోట తెరవగానే గుహలు చూడండి. తర్వాత శాసనం, ఆపైన రోప్‌వే. అది అంబాజీ గుడి దాకా తీసుకెళ్తుంది, అత్తగారికి మెట్ల బాధ చాలావరకు తప్పుతుంది. చేతిలో టార్చి, కాళ్లకు జారని చెప్పులు ఉండాలి. మూలల్లో గబ్బిలాల వాసన వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోండి.